మొక్క ఆరోగ్య రీత్యా

కూర్మారావుకి టెక్కలి బదిలీ అయిందన్న వార్త పొద్దుటి టీలు రాకముందే ఆఫీసంతా పాకిపోయింది. పెళ్ళయిన నాటి నుంచీ అతను జిల్లా కేంద్రంలోనూ, భార్య గౌరీశ్వరి టెక్కలి హైస్కూల్లోనూ ఉద్యోగాలు చేస్తున్నారు. శనివారం సాయంత్రం బస్సెక్కడం, సోమవారం తెల్లవారకుండానే మళ్ళీ బస్సెక్కడం. వాళ్ళ కాపురమంతా ఆర్టీసీ వారి దయ మీద నడుస్తోంది. ఉద్యోగులైన భార్యాభర్తల్ని వీలైనంతవరకు ఒకే చోట ఉంచవలెనని ఒక నిబంధన ఉంది. ఆ నిబంధన కింద అతను ఏటేటా దరఖాస్తు పెట్టుకోవడం, "పరిశీలనలో ఉన్నది" అని ఏటేటా జవాబు రావడం ఒక వ్రతంలా సాగుతోంది. ఇన్నేళ్ళకి ఎవరి చూపు ఎటు తిరిగిందో ఏమో, ఆర్డరు చేతికొచ్చింది.

అతను సీనియర్ అసిస్టెంటుగా పనిచేసేది ప్రజా సదుపాయాల సమీక్షా శాఖలో. ఆ శాఖ ఏ సదుపాయం కల్పిస్తుందని ఎవరూ అడక్కూడదు. మిగతా శాఖలు కల్పించాయో లేదో సమీక్షించి, కల్పించలేదని తేలితే ఆ సంగతి మరో శాఖకి తెలియజేస్తుంది.

కూర్మారావు కోవా పొట్లం పట్టుకుని సూపరింటెండెంటు సోమిదేవమ్మ బల్ల దగ్గరికి వెళ్ళాడు. ముఖం మతాబాలా వెలిగిపోతోంది.

"మేడమ్, నన్ను ఇవాళే రిలీవ్ చేసీండి. సోమవారం అక్కడ జాయినైపోతాను."

సోమిదేవమ్మ కోవా ముక్క నోట్లో వేసుకుని, ఆర్డరు ఆసాంతం చదివి, కళ్ళజోడు మీంచి అతని బల్ల వైపు చూసింది.

"చాలా సంతోషం కూర్మారావు గారూ. మరి మీ మొక్క సంగతేటి?"

కూర్మారావు కోవా పొట్లం బల్ల మీద పెట్టేశాడు. ఆ సంతోషంలో మొక్క సంగతి మర్చేపోయాడు.

ఈ మొక్కల గోల ఆ యేడు వేసవిలో మొదలైంది. రాజధానిలో ఎవరో పెద్దాయన ఏదో సదస్సుకి వెళ్ళి, గదిలో మొక్క ఉంటే మనిషి పనిచేసే శక్తి పెరుగుతుందని విని వచ్చాడు. మనుషుల చేత పని చేయించడానికి అప్పటిదాకా చేసిన ప్రయత్నాలన్నీ బెడిసికొట్టి ఉన్నాయి. అందుచేత ఆయనకి ఈ కబురు చెవిలో అమృతం పోసినట్టయింది. వారం తిరక్కుండా 'కార్యాలయ హరిత చైతన్యం' అనే సర్క్యులర్ ఊరూరా దిగింది. ప్రతి ఉద్యోగీ ఒక ఇండోర్ మొక్కను దత్తత తీసుకొనవలెను. ఉద్యోగిని, మొక్కను కలిపి ఒక యూనిట్‌గా పరిగణించవలెను. బదిలీ అయిన ఉద్యోగి తన మొక్కను సంపూర్ణ ఆరోగ్యముతో అప్పగించినగాని అతనిని రిలీవ్ చేయరాదు.

మొక్కలు హోదా ప్రకారం వచ్చాయి. జిల్లా అధికారి విద్యాధరరావు గారికి నిలువెత్తు అరెకా పామ్. సోమిదేవమ్మకి తెల్లపువ్వుల పీస్ లిల్లీ. సీనియర్ అసిస్టెంట్లకి తలా ఒక స్నేక్ ప్లాంట్. అటెండరు పైడిరాజుకి సీసాలో మనీ ప్లాంట్ తీగ.

కూర్మారావు వాటాకి వచ్చిన స్నేక్ ప్లాంట్ నిక్కబొడుచుకున్న ఆకులతో, ఆకుల చుట్టూ పసుపుపచ్చని అంచుతో చూడముచ్చటగా ఉండేది. ఆ జాతి మొక్క మహా మొండిది. ఓ మూల పెట్టి, ఎప్పుడో మట్టి పొడిపొడిగా ఎండినప్పుడు కాసిని నీళ్ళు పోసి, మిగతా రోజులు దాన్ని మర్చిపోతే చాలు, హాయిగా బతికేస్తుంది. మర్చిపోవడం ఆ ఆఫీసుకి వెన్నతో పెట్టిన విద్య. జిల్లాలో జనం పెట్టుకున్న అర్జీలన్నిటినీ మర్చిపోగలిగిన మహానుభావులు, ఖర్మకాలి, ఆ ఒక్క మొక్కనీ మర్చిపోలేకపోయారు.

దానికి కారణం లేకపోలేదు. నీరు పోయని వారిపై క్రమశిక్షణ చర్య తీసుకొనబడును అని సర్క్యులర్‌లో ఉంది. ఎక్కువ పోసినవారిని ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. కనుక పొద్దున్నే రాగానే కూర్మారావు ఓ గ్లాసు పోసేవాడు. అతను పోశాడో లేదో ఎందుకొచ్చిన గొడవని పర్యవేక్షణ బాధ్యత కింద సోమిదేవమ్మ ఇంకో గ్లాసు పోసేది. మధ్యాహ్నం విద్యాధరరావు గారు రౌండుకి వచ్చి, కింది స్థాయి వారికి ఆదర్శంగా ఉంటుందని మగ్గెడు పోసేవారు. ఏ తప్పు జరిగినా చివరికి తన నెత్తికే చుట్టుకుంటుందని అనుభవం మీద తెలిసిన పైడిరాజు, ఆఫీసుకి తాళం వేసేముందు బకెట్టులో మిగిలినవన్నీ పోసేసేవాడు.

ఇది చాలదన్నట్టు, తనిఖీకి వచ్చిన పెద్దలకి శాలువా బదులు ఇత్తడి చెంబు చేతికిచ్చి మొక్కకి నీళ్ళు పోయించడం మర్యాదైపోయింది. కూర్మారావు మొక్క సరిగ్గా గుమ్మానికి ఎదురుగా ఉంది. వెనకాల గోడ మీద శాఖ పేరు కూడా పడుతుంది కనుక ఫొటోలన్నీ దాని దగ్గరే. పై అధికారి పోస్తుంటే చాలు సార్ అని ఎవరంటారు? ఆయన పోసినంతసేపూ చప్పట్లు కొట్టేవారు.

నెల తిరిగేసరికి కుండీలో మట్టి వరిమడిలా తయారైంది. ఆకులు పసుపుబారాయి. మొదలు మెత్తబడి, నానబోసి మర్చిపోయిన మినప్పప్పు వాసన వేయసాగింది.

ఆ మొక్కని ఆరోగ్యంగా అప్పగిస్తేనే టెక్కలి. కూర్మారావు ఏడుపొక్కటే తక్కువగా విద్యాధరరావు గారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, దీనికి నీళ్ళు ఎక్కువైపోయాయి. కొన్నాళ్ళు ఎవరూ పొయ్యకుండా ఉంటే బతుకుతాది సార్."

విద్యాధరరావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "మిస్టర్ కూర్మారావ్, నీరు పోయుట అనునది ఒక చర్య. పోయకుండుట అనునది చర్యారాహిత్యం. చర్యారాహిత్యానికి నేను అనుమతి ఇచ్చినట్టు రేపు ఆడిట్ వారు గమనిస్తే, నేను ఏమని సమాధానం చెప్పవలసి ఉంటుంది?"

"ఒక్కసారి మట్టి ముట్టుకుని చూడండి సార్. బురదైపోయింది."

"మా ఇంట్లో కూడా ఇదే మొక్క ఉందయ్యా. నెలకోసారి పోస్తాను. బ్రహ్మాండంగా ఉంది. ఆ విషయం నాకు తెలియదని కాదు. అది నాకు వ్యక్తిగతంగా తెలుసు. అధికారికంగా తెలియదు." ఆయన గొంతు సర్దుకున్నారు. "అయితే మీరు నిరాశ చెందనవసరం లేదు. నీటిని తగ్గించుటకు వీలు లేనప్పుడు కాంతిని పెంచుటకు అవకాశం కలదు. ఏడవ పేరా చూడండి."

ఏడవ పేరాలో ఇండోర్ మొక్కలపై ప్రత్యక్షంగా సూర్యకాంతి పడరాదని, పరోక్ష కాంతి అందజేయవలెనని ఉంది. పరోక్ష కాంతి అంటే ఏమిటన్న విషయం మీద ఆ మధ్యాహ్నమంతా సమావేశం జరిగింది. కిటికీకి కాస్త దూరంలో, వెలుతురు తగిలేచోట పెట్టడమేనని అందరికీ వ్యక్తిగతంగా తెలుసు. చివరికి విద్యాధరరావు గారే తేల్చారు. ఈ శాఖలో ఏ కాగితమూ ప్రత్యక్షంగా ఎవరికీ చేరదు, ప్రాపర్ చానల్ ద్వారా చేరుతుంది. కనుక కాంతి కూడా ప్రాపర్ చానల్ ద్వారానే కింది స్థాయికి చేరవలెను.

ఆఫీసు మొత్తానికి ఎండ వచ్చే కిటికీ ఆయన గదిలోనే ఉంది. అక్కడొక నిలువుటద్దం పెట్టారు. అందులో పడ్డ ఎండ తలుపు సందులోంచి సోమిదేవమ్మ బల్ల మీది అద్దానికి చేరేది. ఆవిడ దాన్ని పరిశీలించి, ముందు తన పీస్ లిల్లీకి కాస్త చూపించి, తరవాత కూర్మారావు వైపు తిప్పేది. కూర్మారావు స్టీలు క్యారేజీ మూత ఎత్తిపట్టుకుని ఆ వెలుతురుని మొక్క మీదికి దించేవాడు. పైడిరాజు మనీ ప్లాంట్ దాకా వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. అతనేమీ అనుకోలేదు, జీతాల పెంపు దగ్గర అలవాటైన సంగతే.

చానల్ అన్నాక చిక్కులుంటాయి. విద్యాధరరావు గారు క్యాంపుకి వెళితే గదికి తాళం, కాంతి బంద్. సోమిదేవమ్మ సెలవు పెడితే కాంతి ఆవిడ బల్ల దగ్గరే పెండింగులో పడిపోయేది. అలాంటి రోజున ఓసారి కూర్మారావు ఆగలేక కుండీని రెండు చేతులా ఎత్తుకుని వరండాలోకి తీసుకెళ్ళి కాసేపు ఎండలో కూర్చోబెట్టాడు. సాయంత్రానికి మెమో వచ్చింది. పై అధికారులను దాటవేసి నేరుగా సూర్యునితో సంప్రదింపులు జరిపినందుకు తమపై ఎందుకు చర్య తీసుకొనరాదో తెలుపవలసినదిగా కోరారు.

ఆ రోజుల్లోనే సింహాద్రి అనే ముసలాయన అర్జీ పట్టుకుని వచ్చాడు. అద్దాల దారికి అడ్డం వస్తున్నాడని పైడిరాజు అతన్ని పక్కకి లాగి, కుండీల పక్కన బల్ల మీద కూర్చోబెట్టాడు. మొక్కలకి మనిషి వదిలిన గాలి మంచిదని అంతకుముందు వారమే మరో సర్క్యులర్ వచ్చింది. అర్జీదారులు ముందు కాసేపు మొక్కల మధ్య కూర్చుని ఊపిరి వదిలితేనే టోకెన్ ఇచ్చేవారు.

"ఏం తాతా, ఏం పని మీద వచ్చావు?" అన్నాడు కూర్మారావు, క్యారేజీ మూత దించకుండానే.

"మా ఊరు బోరింగు పాడైపోనాది బాబూ. తాగడానికి నీల్లు లేవు. మీకు సెప్తే పై ఆఫీసోల్లకి సెప్తారని పంపినారు." ముసలాయన కుండీ అంచు మీంచి కారుతున్న నీళ్ళకేసి చూశాడు. "ఇదేటి బాబూ, ఈ మొక్క పాపం సచ్చిపోతన్నాది?"

"నీళ్ళెక్కువై, తాతా."

సింహాద్రి అతని మొహంలోకి చూసి, ఎగతాళి చేస్తున్నాడో నిజమే చెబుతున్నాడో పోల్చుకోలేక, బుద్ధిగా గట్టిగా ఊపిరి వదిలాడు. కూర్మారావుకి సిగ్గనిపించింది. టోకెన్ తానే తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం గౌరీశ్వరి ఫోన్ చేసింది. ఆర్డరు వచ్చిన నాడే ఆవిడ రెండో మంచం, కొత్త దుప్పట్లు కొనేసింది. "ఏవండీ, నర్సరీలో అలాంటి మొక్కే ఇంకోటి కొని అక్కడ పెట్టీసి వచ్చీకూడదేటి?"

"ఆకాకుకీ ఫొటో తీసి కంప్యూటర్లో ఎక్కించారే. ఏ ఆకు మీద ఏ మచ్చుందో వాళ్ళకి తెలుసు."

"మన పెళ్ళయిన సంగతే ఇన్నేళ్ళూ తెలీలేదు కదా వాళ్ళకి, ఆకు మీద మచ్చలు తెలుస్తున్నాయా?" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. కోపంతో పెట్టేసిందో, ఏడుపొచ్చి పెట్టేసిందో అర్థంకాక కూర్మారావు చాలాసేపు ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాడు.

ఇంతలో రాజధాని నుంచి హరిత సలహాదారు చంద్రమౌళీశ్వర్ గారు వస్తున్నట్టు కబురొచ్చింది. రోగిష్టి మొక్కలకి సర్టిఫికెట్ ఇవ్వాలన్నా ఇవ్వకూడదన్నా ఆయనే ఇవ్వాలి. ఆయన ఖద్దరు లాల్చీ, మెడలో పూసలతో కారు దిగారు. దిగగానే ఇత్తడి చెంబు చేతికిచ్చారు. ఆయన కళ్ళు మూసుకుని, మొక్క మొదట్లో చెంబెడు నీళ్ళూ నిదానంగా పోశారు. అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత ఆయన ఒక ఆకుని వేలితో తాకారు. ఆ ఆకు ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది.

"ఈ మొక్క తన పరిసరాలతో భావ సమన్వయాన్ని సాధించలేకపోయింది," అన్నారాయన గంభీరంగా. "దీని అంతరంగంలో ఒక ఎడబాటు కనిపిస్తున్నది. దీనికి మరింత ప్రేమ కావాలి. చెంబు ఇలా ఇవ్వండి."

కూర్మారావు ఎన్నడూ ఒకరి మీద గొంతెత్తి ఎరగడు. ఆ క్షణాన అతనికి ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ఆయన చేతిలోంచి చెంబు లాక్కున్నాడు.

"చాలండీ మీ ప్రేమ! దీన్ని చంపీసేరు, నన్నూ చంపీస్తున్నారు. ఎడబాటు దీనిక్కాదండీ, నాకు. దీన్ని టెక్కలి పంపీండి. అక్కడ మా ఇంటికి తూర్పు కిటికీ ఉంది, మా ఆవిడుంది, హాయిగా బతుకుతాది. మనిషినెలాగూ పంపరు కదా, మొక్కనైనా పంపండి!"

విద్యాధరరావు గారు సస్పెన్షన్ ఆర్డరుకి మాటలు వెతుక్కుంటున్నారు. చంద్రమౌళీశ్వర్ గారు మాత్రం కళ్ళు పెద్దవి చేసి, "అద్భుతం," అన్నారు. "స్థల మార్పిడి! గృహ వాతావరణం! ఇంతవరకు దేశంలో ఎక్కడా ఒక మొక్కను ఆరోగ్య కారణాలపై బదిలీ చేసిన దాఖలా లేదు. మన శాఖ చేస్తుంది."

మనిషి దరఖాస్తు ఇన్నేళ్ళు పరిశీలనలో ఉంది. మొక్క దరఖాస్తు పెట్టకుండానే భోజనాల వేళకి ఉత్తర్వు టైపైపోయింది. మొక్కను దాని ఆరోగ్య రీత్యా టెక్కలికి బదిలీ చేయడమైనది. ఉద్యోగి, మొక్క ఒకే యూనిట్ కనుక శ్రీ కూర్మారావు దానికి సహాయకునిగా వెంట వెళ్ళి, దానిని తన నివాసమందుంచి సంరక్షించుచు, పగటిపూట టెక్కలి ఉప కార్యాలయంలో పనిచేయవలెను. ఒక యూనిట్‌పై రెండు బదిలీలు ఉండరాదు కనుక అతని పేర వచ్చిన పాత ఉత్తర్వు రద్దు చేయడమైనది. మొక్క పూర్తిగా కోలుకున్న మరుక్షణం యూనిట్ మొత్తం జిల్లా కేంద్రానికి తిరిగి రావలెను.

సోమిదేవమ్మ ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివి వినిపించింది. కూర్మారావు వినిపించుకునే స్థితిలో లేడు. కుండీ చంకన పెట్టుకుని బస్టాండుకి పరుగెత్తాడు.

బస్సులో మొక్కకి కిటికీ పక్క సీటిచ్చి, తను అంచున కూర్చున్నాడు. టెక్కలిలో దిగేసరికి గౌరీశ్వరి ఎదురొచ్చింది. మొగుణ్ణి పలకరించకముందే కుండీలో వేలు పెట్టి చూసి, "అయ్యో, పాపం," అంది. ఇంటికెళ్ళగానే మొక్కని పెకలించి, కుళ్ళిన వేళ్ళు కోసి, ఇసక కలిపిన పొడి మట్టిలో నాటి, తూర్పు కిటికీకి కాస్త ఇవతలగా పెట్టింది. తరవాత దాన్ని ఇద్దరూ మర్చిపోయారు. మర్చిపోవడానికి వాళ్ళకి చాలా పనులున్నాయి.

బుధవారం పూట కలిసి భోంచెయ్యడం ఎలా ఉంటుందో వాళ్ళకి అంతవరకు తెలీదు. ఇద్దరూ కలిసి సంతకెళ్ళి ఆనపకాయ బేరమాడారు. ఫ్యాను స్పీడు గురించి, పెసరట్టులో అల్లం గురించి దెబ్బలాడుకున్నారు. శనివారం వస్తే బస్సు గుర్తుకొచ్చి, తను ఎక్కనక్కర్లేదని తోచి, కూర్మారావు వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బస్సులకేసి దర్జాగా చూసేవాడు. అంత సుఖం మనిషికి ఉంటుందని అతనెప్పుడూ అనుకోలేదు.

ఒక ఆదివారం పొద్దున్న అతను కిటికీ దగ్గర నిలబడి ఒక్క కేక పెట్టాడు. "గౌరీ, ఇలా రా! మొక్క పిలకేసిందే!"

నిజమే. మట్టిని చీల్చుకుని వేలెడు పొడవున లేతాకుపచ్చ పిలక నిటారుగా నిలబడి ఉంది. పాత ఆకులు కూడా బిగిసి నిలబడ్డాయి. గౌరీశ్వరి గరిటె పట్టుకుని నవ్వుతూ వచ్చింది. చూసింది. ఆవిడ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"కోలుకుంటే వెనక్కి వచ్చీమన్నారు కదండీ?"

కూర్మారావు గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. మర్నాడే సోమిదేవమ్మ నెలవారీ ఆరోగ్య సమీక్షకి వస్తోంది. పిలక మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుతురు వైపు తిరిగి ఉంది.

గౌరీశ్వరి లోపలికెళ్ళి మగ్గుతో నీళ్ళు తెచ్చింది.

"వద్దే. పాపం," అన్నాడు కూర్మారావు.

"మనం పాపం కాదేటండీ?" అని ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ, మట్టి పూర్తిగా నానేదాకా పోసింది. తరవాత ఇద్దరూ కలిసి కుండీని మంచం కిందికి తోశారు.

మర్నాడు సోమిదేవమ్మ వచ్చింది. మంచం కింద నుంచి కుండీ లాగించింది. బురద చూసింది. ఒకే పూటలో మొక్క ఎంతని వాడుతుంది? ఆకులు నిగనిగలాడుతున్నాయి, పిలక ఠీవిగా నిలబడింది. ఆవిడ ఆ పిలకని చూసింది. గుమ్మంలో చేతులు నలుపుకుంటున్న కూర్మారావుని చూసింది. అతని వెనకాల నిలబడ్డ గౌరీశ్వరిని చూసింది. దండెం మీద పక్కపక్కన ఆరుతున్న చొక్కా, చీర కూడా ఆవిడ కళ్ళజోడు దాటిపోలేదు.

ఆవిడ పెన్ను తీసి, పైకి చదువుతూ మరీ రాసింది. "మొక్క పరిస్థితి నిలకడగా విషమముగా ఉన్నది. సహాయకుడు చాలాకాలము కొనసాగవలసిన అవసరము కనిపించుచున్నది."

సంతకం పెట్టి, కాగితం సంచీలో దాచుకుని, చుట్టూ చూసింది. "మగ్గేదమ్మా?"

గౌరీశ్వరి అందించింది. సోమిదేవమ్మ ఒక గ్లాసెడు నీళ్ళు కుండీలో ఒంపి, "పర్యవేక్షణ బాధ్యత," అంది. ఆ తరవాత కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చుంది. ఆనపకాయ పులుసు రెండుసార్లు అడిగి వేయించుకుంది.

ఆవిడ బస్సు కదిలి మలుపు తిరిగేదాకా ఇద్దరూ వీధిలో నిలబడ్డారు. ఇంట్లోకొచ్చి, కూర్మారావు కుండీ వంచి నీళ్ళన్నీ ఓడ్చేశాడు. గౌరీశ్వరి కిటికీ తలుపులు బార్లా తెరిచింది.